అర అడుగు ఆలస్యం

పిట్స్‌బర్గ్ నుంచి శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చే బస్సులో ఎవరి చుట్టాలు దిగినా దిగకపోయినా, లెన్ కోవలిక్ కోసం ఒక రేకు డబ్బా మాత్రం తప్పకుండా దిగుతుంది. శుక్రవారం ఆట అవగానే ఫిల్ము కడగడానికి వెళ్తుంది, తెల్లారేసరికి తిరిగొస్తుంది. ఆ డబ్బా చంకలో పెట్టుకుని, దారిలో ఎవరు పలకరించినా తలూపడమే తప్ప నోరు విప్పకుండా, లెన్ నేరుగా గ్లెన్‌కార్ హైస్కూలు వెనక ఉన్న ఇనుపపని షెడ్డుకి నడుస్తాడు. వారమంతా అక్కడ పిల్లలకి వెల్డింగూ రేకు కొయ్యడమూ నేర్పుతాడు. శనివారం మాత్రం కిటికీలకి గోనెపట్టాలు కట్టి, గోడ మీదకి ప్రొజెక్టరు తిప్పి, తన ఐదుగురినీ చూసుకుంటాడు.

ఐదుగురంటే స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ముందు వరుస, వాళ్లకి కోచ్ లెన్. మా దగ్గర ఫుట్‌బాల్ అంటే బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట కదా. పరిగెత్తేవాడికి పేరొస్తుంది, విసిరేవాడి చుట్టూ అమ్మాయిలు చేరతారు, ముందు వరుస ఐదుగురికీ మోచేతులు కొట్టుకుపోతాయి. ఎదుటివాణ్ణి తోసి దారి చెయ్యడమే వాళ్ల పని. బంతి ఎటు పోతే జనం కళ్లు అటే పోతాయి. ఆ ఐదుగురి కాళ్లు చూసేవాడు ఊరు మొత్తం మీద లెన్ ఒక్కడే.

ఊరికే చూడడు. ఒక్కో ఆటగాడికీ ఒక్కో వరుస గీసిన కాగితం ఉంటుంది ఆయన దగ్గర. బంతి కదలగానే కాలు కదిలిందా, తొయ్యాల్సినవాణ్ణే తోశాడా, చివరిదాకా వదలకుండా తోశాడా. మూడూ చేస్తే ప్లస్, ఒక్కటి తప్పినా మైనస్. నూటికి ఎన్ని ప్లస్సులో అదే మార్కు. సోమవారం పొద్దున ఆ కాగితం షెడ్డు తలుపు మీదకి ఎక్కుతుంది. ఏ స్థానంలో ఎవరికి ఎక్కువ వస్తే వచ్చే శుక్రవారం వాడే ముందు దిగుతాడు. పదకొండేళ్ల కిందట ఉక్కు మిల్లు ఫోర్‌మన్ ఒకడు "మావాణ్ణి కాస్త చూడు లెన్" అని విస్కీ సీసాతో ఇంటికొస్తే, గుమ్మంలోనే నిలబెట్టి తిట్టి పంపి, మర్నాడు పెట్టిన నియమం అది. అప్పటి నుంచి ఎవడి సిఫారసూ చెల్లలేదు. కాలేజీల తరఫున ఆటగాళ్లని ఏరుకోవడానికి తిరిగేవాళ్లు కూడా మిగతా ఊళ్లలో కోచ్‌ల పొగడ్తలు విని లోపల నవ్వుకుంటారుగానీ, గ్లెన్‌కార్‌కి వస్తే మాత్రం "ముందు ఆ కోవలిక్ కాగితం చూపించండి" అంటారు. ఎడమ చివర ఆడే టాకిల్ లెన్ సొంత కొడుకు రూడీయే. కన్నకొడుక్కి మైనస్ పెట్టేటప్పుడు లెన్ పెన్సిలు ఇంకాస్త గట్టిగా నొక్కుతాడని ఊళ్లో ఒక మాట కూడా ఉంది.

ఆ శనివారం కాగితం నిండింది. కానీ లెక్క కుదరలేదు.

చిక్కు అంతా రూడీ పక్కనే ఉండే ఎడమ గార్డు దగ్గర వచ్చింది. మొదటి సగం ఆ చోట జీన్ పాస్టొరెక్ ఆడాడు. కసాయి ఆండీ పాస్టొరెక్ కొడుకు, రెండొందల నలభై పౌన్ల మనిషి. వాడికి డెబ్బై ఎనిమిది వచ్చింది. సగం ఆటకి వాడి బూటు అడుగు ఊడి చేతికొచ్చింది. పద్నాలుగో నంబరు బూటు ఇంకోటి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. దాంతో రెండో సగం కర్టిస్ మాబ్రీని దింపారు. వాడు తడిసినా నూట డెబ్బై పౌన్లు దాటడు. వాడికి అరవై ఒకటి వచ్చింది. ఇంతవరకూ అందరూ అనుకునేదే. కానీ డెబ్బై ఎనిమిది మార్కుల జీన్ ఉన్నంతసేపూ ఎడమవైపు పరిగెత్తినవాడు ఒక్కోసారికి రెండు గజాలు కూడా పోలేకపోయాడు. అరవై ఒకటి మార్కుల కర్టిస్ దిగాక ప్రతిసారీ ఆరేసి గజాలు.

"చెయ్యి తిరిగినవాడు వండితే అన్నం మాడింది, చేతకానివాడు వండితే ఘుమఘుమలాడింది. ఇదెక్కడి వింత?" అని లెన్ తనలో తనే అనుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని హెడ్ కోచ్ విన్స్ టార్కినీ వచ్చాడు, చేతిలో డోనట్ల సంచి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే వరుసలో ఆడినవాళ్లు.

"ఏంరా, ఎవడిదిరా ఎడమ గార్డు?"

"ఇంకా తెలీదు."

"తెలీకపోవడమేంటి? కాగితం చూడు. డెబ్బై ఎనిమిది పెద్దదా, అరవై ఒకటి పెద్దదా? మా మూడో క్లాసు పిల్లనడిగినా చెప్తుంది."

"కాగితం జీన్ అంటోంది. గోడ మీద బొమ్మ కర్టిస్ అంటోంది."

"బొమ్మలేం చెప్పవు. అవతలివాళ్లు రెండో సగంలో అలిసిపోయుంటారు, అంతే." విన్స్ డోనట్ కొరికాడు. "శుక్రవారం మనకెదురు ఎవరో తెలుసు కదా? వాళ్ల నడిమివాడు రెండొందల అరవై పౌన్లు. వాడి మీదకి మాబ్రీని పంపితే, వాణ్ణి మైదానంలోంచి చీపురుతో ఎత్తాలి. పైగా ఆ రోజు నీ కొడుకుని చూడ్డానికి ఒహాయో నుంచి కాలేజీ ఆయన వస్తున్నాడు. గుర్తుందా?"

"గుర్తుంది."

"మరింకేం! పిచ్చి ప్రయోగాలు పెట్టుకోకు."

విన్స్ వెళ్లాక లెన్ మళ్లీ ఫిల్ము తిప్పాడు. లెన్‌కి ఒక జబ్బుంది. ఏదైనా యంత్రం సరిగ్గా పనిచేస్తే దాని ముఖం కూడా చూడడు. కానీ పనిచెయ్యకూడనిది పనిచేసిందా, ఇక తిండి సహించదు. అవతలివాళ్లు అలిసిపోయారేమోనని చూశాడు. కుడివైపు మాత్రం రెండో సగంలో కూడా అంగుళం కదల్లేదు, కాబట్టి అలసట కాదు. అవతలివైపు మనిషిని మార్చారేమోనని చొక్కాల నంబర్లు చూశాడు. వాళ్లే. చివరికి కర్టిస్ మైనస్సులు ఒక్కొక్కటే తిరగేశాడు. ముప్ఫై ఒక్క ఎత్తుల్లో పన్నెండు మైనస్సులు. అందులో ఐదు, పెద్దవాళ్లు వాణ్ణి పిండిముద్దలా నలిపేసినవి. మిగతా ఏడింటికీ ఎదురుగా లెన్ రాసింది ఒకటే మాట: ఆలస్యం. బంతి కదిలాక అర అడుగు ఆలస్యంగా లేచాడు.

మిగతావి చూస్తే వాటిల్లోనూ ఆలస్యమే. కాకపోతే వెంట్రుకవాసి అని పొద్దున వదిలేశాడు. లెన్ ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఒకటి రెండుసార్లు ఆలస్యమైతే బద్ధకం అనొచ్చు. ముప్ఫై ఒక్కసార్లూ అంతే కొలతగా ఆలస్యమైతే వాడు ఆ కాస్త సమయంలో ఏదో పని చేస్తున్నాడన్నమాట. ఏం పని?

పదకొండేళ్లుగా కాళ్లే చూసిన మనిషి ఆ రోజు మొదటిసారి చేతులు చూశాడు.

కర్టిస్ కుడిచెయ్యి నేల మీద ఉంది. ఎడమచెయ్యి తొడ మీద ఉంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి అంకెలు అరుస్తున్నాడు, ముందే అనుకున్న అంకె రాగానే బంతి కదులుతుంది. బంతి కదిలిన క్షణంలోనే ఆ ఎడమచెయ్యి చటుక్కున పక్కకి పోయి, రూడీ మోకాలి మీద తట్టి వెనక్కి వచ్చింది. ఆ తర్వాతే కర్టిస్ లేచాడు. రూడీ మాత్రం సరిగ్గా సమయానికి, తుపాకీ గుండులా లేచి ఎదుటివాణ్ణి ఎత్తి కుదేశాడు.

లెన్ ప్రొజెక్టరు ఆపి కాగితంలో రూడీ వరుస చూశాడు. మొదటి సగంలో వాడికి ఆరు మైనస్సులు, ఆరూ ఆలస్యానికే. రెండో సగంలో ఒక్కటీ లేదు. ఒకడి మైనస్సులు ఆగినచోట ఇంకొకడివి మొదలయ్యాయి. లెన్ బల్లమీద వేళ్లతో తాళం వేస్తూ, "ఎందుకు తట్టాలి? అంకె అరుస్తూనే ఉన్నారుగా!" అని గోడని అడిగాడు. గోడ చెప్పలేదు. కానీ అడుగుతుండగానే, ఇంట్లో పిలిస్తే ఒక్కోసారి రూడీ పలకకపోవడం గుర్తొచ్చింది ఆయనకి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంట్లో క్యాబేజీ వేసిన హలుష్కీ నూడుల్స్ తిన్నారు. గిన్నెలు కడగడం రూడీ వంతు. భార్య ఐరీన్ గుడ్డతో తుడిచి సర్దుతోంది. లెన్ మెల్లిగా వెళ్లి కొడుక్కి కుడిపక్కన నిలబడి, నీళ్ల చప్పుడు మించకుండా అన్నాడు.

"రూడీ, ఈ వారమంతా కారు నువ్వే తీసుకో."

రూడీ గిన్నె తోముతున్నాడు.

"రూడీ, అసలు ఆ కారు నీ పేరునే రాసేస్తాను."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. పదిహేడేళ్లవాడు కారు మాట వినీ కదలకపోవడం లోకంలో ఎక్కడైనా ఉందా?

"ఏమైంది లెన్ నీకు? మతిగానీ పోయిందా?" అంది ఐరీన్.

లెన్ చుట్టూ తిరిగి ఎడమపక్కకి వెళ్లి, అంతే నెమ్మదిగా, అదే మాట అన్నాడు. గిన్నె చేతిలోంచి జారి తొట్లో పడింది.

"నిజంగానా నాన్నా?"

తండ్రి మొహం చూసి, తల్లి మొహం చూసి, రూడీకి విషయం అర్థమైపోయింది. చేతులు తుడుచుకోకుండానే పెరటి మెట్ల మీదకి వెళ్లి కూర్చున్నాడు. లెన్ కూడా వెళ్లాడు. ఎడమవైపే కూర్చున్నాడు.

"ఎప్పటినుంచిరా?"

"ఏడో క్లాసులో గవదబిళ్లలు వచ్చాయి చూడు, అప్పటినుంచి. జ్వరం తగ్గింది, ఈ చెవి మాత్రం మళ్లీ రాలేదు."

"ఐదేళ్లా!"

"ఐదేళ్లే."

ఈ ఐదేళ్లలో ఎన్నిసార్లు కేకేసినా పలకలేదని "చెవిటి మొహమా" అని తిట్టాడో లెన్‌కి లెక్క తెలీదు. సిగ్గుతో మెడ కాలిపోయింది ఆయనకి.

"ఇంకెవరికి తెలుసు?"

"కర్టిస్‌కి. చెప్పలేదు, వాడే పట్టేశాడు."

"నాకెందుకు చెప్పలేదురా? నీ తండ్రిని కదా!"

రూడీ నదివైపు, మిల్లు పొగవైపు చూశాడు. "నువ్వు న్యాయంగా ఉంటావు కదా నాన్నా. చెబితే నన్ను తీసేసేవాడివి."

లెన్ కాదనబోయాడు. కానీ నిజమే, చెబితే తీసేసేవాడే. కొడుకు అబద్ధం చెప్పలేదు.

"ఆ ఒహాయో ఆయనకి తెలియనివ్వకు. ఒక చెవితో ఆడేవాణ్ణి ఎవరు తీసుకుంటారు? తీసుకోకపోతే మిల్లే గతి. మిల్లులో కూడా ఇప్పుడు మనుషుల్ని తీసేస్తున్నారు," అన్నాడు రూడీ.

సోమవారం పొద్దున షెడ్డు తలుపు మీద కాగితం లేదు.

పదకొండేళ్లలో మంచు ముంచెత్తి బడి మూసేసిన రోజు కూడా ఆ కాగితం ఆగలేదు. దాంతో మధ్యాహ్నానికల్లా ఊరంతా గుప్పుమంది. కోవలిక్‌కి గుండెనొప్పి వచ్చిందన్నారు. కాదు, కొడుక్కి తక్కువ మార్కులొచ్చాయి, సర్దుతున్నాడన్నారు. మంగళవారం లెన్ మాంసం కొట్టుకి వెళ్లేసరికి ఆండీ పాస్టొరెక్ కత్తి పక్కనపెట్టి మరీ ఎదురొచ్చాడు. ఆండీ చెడ్డవాడు కాదు, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏంటి లెన్, మావాడికి ఎంతొచ్చిందో చెప్పవా? దొంగసరుకు దాచినట్టు దాస్తున్నావు?"

"గురువారం చెప్తాను ఆండీ."

"గురువారం కుర్రాళ్ల భోజనం మా ఇంట్లోనే. గుర్తుంది కదా? మావాడికి తక్కువొస్తే తక్కువొచ్చిందని చెప్పు, నోరు మూసుకుంటా. ఎక్కువొచ్చీ కూర్చోబెట్టావనుకో..." ఆండీ నవ్వాడుగానీ కళ్లు నవ్వలేదు. "పదకొండేళ్ల నుంచి ఈ కొట్లో నిన్నొక్కణ్ణి ఎవర్నీ తిట్టనివ్వలేదు నేను. కంచే చేను మేసిందని నాచేత అనిపించకు."

లెన్ కీల్బాసా సాసేజీల పొట్లం తీసుకుని బయటికొచ్చాడు. ఎటు చూసినా గోడే కనిపించింది. కాగితం ప్రకారం జీన్‌ని దింపితే, శుక్రవారం జనం హోరులో రూడీకి అంకె వినబడదు, ఆ ఒహాయో ఆయన కళ్లముందే నిద్రపోతున్నవాడిలా నిలబడతాడు. కారణం చెప్పకుండా కర్టిస్‌ని దింపితే, కొడుకు కోసం కోవలిక్ అమ్ముడుపోయాడంటారు, ఆ కాగితానికి ఇక చిత్తుకాగితం విలువ కూడా ఉండదు. కారణం చెబితే కొడుకు బతుకు తన చేత్తో తనే మూసినట్టు. ఇవన్నీ పక్కనపెట్టినా ఇంకో ప్రశ్న ఉంది, అదే ఎక్కువ తొలిచింది ఆయన్ని. అసలు నిజంగా ఎవడు మంచి గార్డు? ఐదుగురు కలిసి ఒక్క మనిషిలా కదలాల్సిన పనికి, పదకొండేళ్లుగా ఒక్కొక్కణ్ణీ విడదీసి మార్కులేస్తున్నాడు తను. ఇన్నేళ్లలో ఇంకెందరికి ఇలా మైనస్సులు పడ్డాయో!

సాయంత్రం కర్టిస్‌ని షెడ్డుకి పిలిచాడు.

"కూర్చో. రూడీ సంగతి ఎలా పట్టావు?"

కర్టిస్ ఒకసారి తలుపువైపు చూసి, తప్పించుకునే దారి లేదని తెలిసి, కూర్చున్నాడు. "నిరుడు బస్సులో కోచ్. వాడికి కుడిపక్క కూర్చుని దారంతా జోకులేశా. రాయిలా కూర్చున్నాడు. నా జోకులకి నవ్వనివాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు. వచ్చేటప్పుడు ఎడమపక్క కూర్చుని అవే జోకులు వేశా, పడీపడీ నవ్వాడు. అప్పుడు అనుమానమొచ్చింది."

"తట్టడం ఎవరి ఆలోచన?"

"నాదే."

"తడితే నీకు ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే మైనస్ పడుతుంది. తెలుసా?"

"తెలుసు కోచ్. మీ కాగితం చదవనివాడెవడు? మా అమ్మ కూడా చదువుతుంది. 'వెధవా, కాస్త ముందు లేవలేవా' అని తిడుతుంది."

"మరి నాతో ఒక్క మాట చెప్పచ్చుగా!"

"చెప్పడానికి అది నా చెవి కాదుగా కోచ్," అన్నాడు కర్టిస్.

కుర్రాడికి ఇది ఆఖరి ఏడాది. వాడికోసం ఏ కాలేజీ ఆయనా రావడం లేదు. వచ్చేదల్లా ఆ తలుపు మీద వాడి పేరొక్కటే. అదీ వదులుకున్నాడు, తన కొడుకు కోసం. లెన్‌కి వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. అలవాటు లేని పని కావడంతో, "సరే, వెళ్లు, తలుపెయ్యి," అన్నాడు.

ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాడు. కర్టిస్‌నే దింపుతాడు. కారణం చెప్పడు. ఊరు ఏమైనా అనుకోనీ.

గురువారం సాధన జరుగుతుంటే విన్స్ కేకలు మైదానం దాటి నదిదాకా వినబడ్డాయి. "జీన్! నిద్రపోతున్నావా? బంతి కదిలాక కాఫీ తాగి లేస్తావా ఏంటి?" మళ్లీ ఇంకో ఎత్తు. మళ్లీ అదే కేక. లెన్ దగ్గరికి నడిచాడు. ఈసారి చూడ్డానికి కాళ్లదాకా పోలేదు, తిన్నగా చేతివైపే చూశాడు. మాంసపుముద్ద లాంటి జీన్ ఎడమచెయ్యి పక్కకి పోయి, రూడీ మోకాలి మీద తట్టింది. ఆ మొద్దుచేతి తాకిడికి రూడీ ముందుకి తూలి పడబోయాడు కూడా.

లెన్ జీన్‌ని పక్కకి లాగాడు. "ఎవడు నేర్పాడురా నీకిది?"

జీన్ హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు. "కర్టిస్, కోచ్. సోమవారం కాగితం లేదు కదా. నన్నే దింపుతారేమో, దింపితే రూడీ సంగతేంటని వాడికి బెంగపట్టుకుంది. మా ఇంటి వెనక మూడు రోజులుగా నేర్పిస్తున్నాడు. రూడీని అడిగే చెప్పాడు నాకు."

"మైనస్ పడుతుందని తెలుసా?"

"తెలుసు." జీన్ నేల చూశాడు. "మా నాన్నకి మాత్రం చెప్పకండి కోచ్. ఆయనకి చెబితే చర్చి గంట కొట్టినట్టే."

లెన్ మళ్లీ మొదటికొచ్చాడు. ఇప్పుడు జీన్ కూడా తడుతున్నాడు. పైగా డెబ్బై పౌన్లు ఎక్కువ. మరి దింపాల్సింది జీన్‌నేగా? ఐదు రోజుల తలనొప్పి ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కూర్చుంది. ఇద్దరు కుర్రాళ్లు తన కొడుకు కోసం మార్కులు పారేసుకుంటుంటే, పెన్సిలు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి తను. కానీ జీన్ చెయ్యి ఇంకా కుదరలేదు, తడితే రూడీ తూలుతున్నాడు, కాబట్టి ముందు దిగాల్సింది కర్టిసే అని తేల్చుకున్నాడు.

సాయంత్రం పాస్టొరెక్‌ల ఇంట్లో పొడుగు బల్ల చుట్టూ పన్నెండుమంది కూర్చున్నారు. ముందు వరుస కుర్రాళ్లు, వాళ్ల బదులు దిగేవాళ్లు, లెన్, విన్స్. ఆండీ పళ్లెం మీద పళ్లెం తెచ్చి పడేస్తున్నాడు. ప్రతి గురువారం ఒక్కొక్క కుర్రాడి ఇంట్లో ఇలా తినడం ముందు వరుసకి ఎప్పటినుంచో ఉన్న రివాజు. తిండి సగమయ్యాక ఆండీ చేతులు ఎప్రాన్‌కి తుడుచుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"గురువారం వచ్చింది లెన్."

లెన్ జేబులోంచి కాగితం తీశాడు.

"జీన్‌కి డెబ్బై ఎనిమిది. కర్టిస్‌కి అరవై ఒకటి." గొంతు సవరించుకున్నాడు. "దిగేది కర్టిస్."

"అదీ సంగతి!" ఆండీ గోడ వదిలి ముందుకొచ్చాడు. "నా ఇంట్లో, నా తిండి తింటూ, నా ముందే! ఏ లెక్కన లెన్? చెప్పు! నీ కొడుక్కి పక్కన వాడైతే సుఖంగా ఉంటుందనా?"

"కారణముంది. చెప్పను."

"చెప్పవు! పదకొండేళ్లు మాకు నీతులు చెప్పి..."

"నాకు కుడి చెవి వినబడదు."

రూడీ లేచి నిలబడి ఉన్నాడు. గొంతు మరీ పెద్దగా వచ్చింది. గదిలో అందరూ వాడివైపే చూశారు.

"జనం హోరులో క్వార్టర్‌బ్యాక్ అంకె అరిస్తే నాకు వినబడదు. కర్టిస్ మోకాలి మీద తట్టి చెప్తాడు. అందుకే వాడికి ఆలస్యమవుతోంది. మూడు రోజుల నుంచి జీన్ కూడా నేర్చుకుంటున్నాడు, వాడికీ ఆలస్యమవుతోంది." వాడు తండ్రివైపు తిరిగాడు. "ఆ ఏడు మైనస్సులూ కర్టిస్‌వి కాదు నాన్నా. నావి. నా వరుసలో వెయ్యి."

విన్స్ నుదురు కొట్టుకున్నాడు. "ఒరేయ్ పిచ్చివాడా, రేపు ఆ ఒహాయో ఆయన కాగితం అడుగుతాడురా! అవి వేస్తే నీ మార్కు ఎంతకి పడుతుందో తెలుసా?"

"తెలుసు కోచ్. అయినా అవి నావే."

లెన్ పెన్సిలు తీశాడు. కర్టిస్ వరుసలో ఏడు మైనస్సులు చెరిపి ప్లస్సులు చేశాడు. రూడీ వరుసలో ఏడు మైనస్సులు వేశాడు, ఒక్కొక్కటీ, ఎప్పటిలాగే గట్టిగా నొక్కి. ఆండీ భుజం మీదుగా తొంగిచూస్తూ, మాంసం తూకాలతో ఆరితేరిన బుర్రతో లెన్ కంటే ముందే లెక్క తేల్చాడు.

"ముప్ఫై ఒకటికి ఇరవై ఆరు. ఎనభై నాలుగు." కొడుకువైపు చూశాడు. "ఎనభై నాలుగంటే ఎక్కువే కదరా. ఎక్కువొచ్చినవాడే దిగాలి మరి. అయినా నువ్వేంట్రా, మూడు రోజుల నుంచి తెలిసీ నాతో ఒక్క ముక్క చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా నాన్నా?" అన్నాడు జీన్. ముందు కర్టిస్ నవ్వాడు, తర్వాత బల్లంతా నవ్వింది. ఆండీ కూడా నవ్వలేక నవ్వాడు.

"మరి నేను నేర్చుకున్నదంతా దండగేనా కోచ్?" అని అడిగాడు జీన్. బాధ దాచుకోవడం వాడికి చేతకాలేదు.

"రెండొందల అరవైవాడితో తలపడి సగం ఆట దాటేసరికి కర్టిస్ చచ్చిపోతాడు. అక్కడ నుంచి నీదే. కాకపోతే కాస్త మెల్లిగా తట్టు, మావాడి మోకాలు నాకు కావాలి," అన్నాడు లెన్.

భోజనాలయ్యాక తండ్రీ కొడుకులు కొండదారిన ఇంటికి నడిచారు. లెన్ జేబులో కాగితం మడతపెట్టి ఉంది. పదకొండేళ్లలో అంత నిజమైన కాగితం తను రాయలేదని తెలుసు ఆయనకి. అదే రేపు కొడుక్కి కాలేజీ తలుపు ముయ్యచ్చనీ తెలుసు.

"ఆ కాగితం చూపించేముందు ఒహాయో ఆయనకి నేనే చెప్పేస్తా నాన్నా," అన్నాడు రూడీ. "ఆయన తీసుకుంటే తీసుకుంటాడు, లేకపోతే లేదు. కానీ నువ్వు నా కుడిపక్కన నిలబడు. అటునుంచి ఎవరైనా ఏమైనా అడిగితే నాకు తెలీదు. తట్టి చెప్పు."

లెన్ కొడుక్కి ఎడమపక్కకి వచ్చి అడిగాడు.

"ఎక్కడ తట్టాలిరా?"

"నిలబడే ఉంటాం కదా, మోచేతి మీద తట్టు. గట్టిగా కాదు, నాన్నా. కొంచెం తగిలితే చాలు."